చలికాలంలో ఐస్‌లాండ్: అద్దె కారులో దక్షిణ తీరం చుట్టి రావడం ఎలా?

ఐస్‌లాండ్‌కు చలికాలంలో వెళ్తున్నాం, కారు మేమే నడుపుకుంటాం అనగానే ఎవరైనా ముందు అడిగేది మంచు గురించే. నిజానికి అక్కడ ట్రిప్పును తలకిందులు చేసేది గాలి, దాని తర్వాత చీకటి. మంచుది మూడో స్థానం. రోడ్డు మీద పడ్డ మంచును తోసే బండ్లు పొద్దున్నే వస్తాయి, టైర్లకున్న మేకులు పట్టు ఇస్తాయి. గాలి ముందు మాత్రం ఇవేవీ పనికిరావు. రోడ్డు మూసేస్తారు, మీరెక్కడుంటే అక్కడే ఆగిపోవాలి. అందుకని ప్లాన్ వేసేటప్పుడే, ఏ రోజు ప్రయాణమైనా మానుకోగలిగే వీలు పెట్టుకోవాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. నెల, దారి

డిసెంబర్ 21 ప్రాంతంలో రాజధాని రేక్యావిక్‌లో సూర్యుడు పొద్దున పదకొండు దాటాక వచ్చి మధ్యాహ్నం మూడున్నరకల్లా వెళ్లిపోతాడు. పట్టుమని నాలుగు గంటల పగలు. క్రిస్మస్ సెలవులు కలిసొస్తాయని మనవాళ్లలో చాలామంది ఆ వారానికే టికెట్లు తీస్తారు. హోటళ్ల రేట్లు ఎక్కువ, పండగ రోజుల్లో షాపులు మూత, పైగా చూద్దామంటే వెలుతురు ఉండదు. ఫిబ్రవరి మొదట్లో పగలు ఏడు గంటలకు, మార్చి మొదట్లో సుమారు పది గంటలకు పెరుగుతుంది. అప్పటికీ మంచు ఉంటుంది, హిమానీనదాల కింది గుహలు తెరిచే ఉంటాయి, రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగు, అంటే అరోరాకు కావలసినంత చీకటీ దొరుకుతుంది. నన్నడిగితే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా వెళ్లమంటాను.

ఇక దారి. దేశం చుట్టూ ఒకటో నంబర్ రోడ్డు ఉంది, దాన్నే రింగ్ రోడ్డు అంటారు. పొడవు 1,300 కిలోమీటర్ల పైమాటే. వేసవిలో వారం పది రోజుల్లో హాయిగా చుట్టొచ్చు. చలికాలంలో మొదటిసారి వెళ్లేవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది. ఉత్తరాన, తూర్పున కొండల మీదుగా వెళ్లే భాగాలు తుపాను వస్తే మూసుకుపోతాయి. మీరు అటువైపు చిక్కుకుంటే, ఎయిర్‌పోర్టు దేశానికి రెండో మూలన ఉంటుంది.

దక్షిణ తీరం చాలు. రేక్యావిక్ నుంచి వీక్ ఊరికి సుమారు 190 కిలోమీటర్లు, అక్కడి నుంచి మంచుదిబ్బలు తేలే యోకుల్‌సార్లోన్ సరస్సుకు మరో 190. జలపాతాలు, నల్ల ఇసుక తీరం, హిమానీనదాలు అన్నీ ఈ గీత మీదే ఉన్నాయి. వెళ్లిన దారినే వెనక్కి రావాలి కదా అని కొందరు పెదవి విరుస్తారు. వెళ్లేటప్పుడు మబ్బులో కొండలే కనిపించని రోజు, తిరుగు దారిలో అదే రోడ్డు మీద ఎండ కాస్తే ఆ సణుగుడు ఆగిపోతుంది.

వారం రోజులుంటే ఇలా పంచుకోవచ్చు. దిగిన రోజు రేక్యావిక్‌లోనే నిద్ర. రెండో రోజు థింగ్‌వెల్లిర్ జాతీయ పార్కు, గెయిసిర్ వేడినీటి ఊటలు, గుల్‌ఫాస్ జలపాతం చూసుకుని సెల్ఫాస్‌లో గానీ హెల్లాలో గానీ రాత్రి బస. మూడో రోజు సెల్యాలాండ్స్‌ఫాస్, స్కోగాఫాస్ జలపాతాలు చూసి వీక్‌కు. నాలుగో రోజు స్కాఫ్తాఫెల్ దాటి యోకుల్‌సార్లోన్ దగ్గరి పల్లెల్లో ఎక్కడో ఒకచోట. ఐదో రోజు అక్కడే ఉండి మంచు గుహ, సరస్సు. ఆరో రోజు వెనక్కి. ఏడో రోజు ఖాళీ. ఆ ఖాళీ రోజున ఏమీ బుక్ చేయొద్దు. తుపాను ఒక రోజును మింగేస్తే ఇదే ఆదుకుంటుంది. తుపాను రాకపోతే రేక్యావిక్‌లో వేడినీటి ఈతకొలనులో కూర్చోండి, డబ్బులు వృథా కావు.

తిరిగొచ్చే ఆరో రోజు తప్ప రోజుకు 200 కిలోమీటర్లు దాటొద్దు. గూగుల్ మ్యాప్స్ చూపించే టైమ్‌కు సగం కలుపుకోండి. హోటళ్లు ముందురోజు దాకా క్యాన్సిల్ చేసుకునే రకంవే తీసుకోండి. నాలుగు వందలు ఎక్కువైనా సరే. విమానానికి ముందురాత్రి తప్పనిసరిగా రేక్యావిక్‌లోనో ఎయిర్‌పోర్టు ఉన్న కెఫ్లావిక్‌లోనో ఉండాలి. వీక్‌లో పడుకుని పొద్దున్నే బయల్దేరి ఫ్లైట్ అందుకుందామనే ప్లాన్ ఎవరు చెప్పినా వినకండి.

2. కాగితాలు, కార్డులు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. అమెరికాలో హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లకు, లండన్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ ఉంటున్నాం కదా, అక్కర్లేదేమో అనుకుని చివర్లో టెన్షన్ పడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

మన డ్రైవింగ్ లైసెన్సు ఇంగ్లిషులోనే ఉంటుంది కాబట్టి సాధారణంగా ఒప్పుకుంటారు. అయినా ఆర్టీవో ఆఫీసు నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. ఏడాది పాటు చెల్లుతుంది. కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవాల్సిన అవసరం రాదు. చాలా కంపెనీలు మామూలు కారుకు 20 ఏళ్లు, ఫోర్ వీల్ డ్రైవ్‌కు 23 ఏళ్లు నిండాలంటాయి. కనీసం ఏడాది పాత లైసెన్సు అడుగుతాయి. ఇద్దరు నడపాలనుకుంటే ఇద్దరి పేర్లూ ఒప్పందంలో ఉండాలి. పేరు లేని మనిషి నడుపుతుండగా ఏదైనా తగిలితే ఇన్సూరెన్స్ ఉన్నా లేనట్టే.

డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు కావాలి, అదీ మెయిన్ డ్రైవర్ పేరు మీదే. డెబిట్ కార్డులు, ఫారెక్స్ కార్డులు కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఇండియా కార్డయితే బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి, లిమిట్ పెంచుకోండి. పిన్ గుర్తుండాలి. మనుషులు లేని పెట్రోలు బంకుల్లో మెషిన్ పిన్ అడుగుతుంది. అమెరికా కార్డులకు చాలావాటికి పిన్ ఉండదు. అలాంటివాళ్లు పెద్ద బంకు షాపులో ప్రీపెయిడ్ పెట్రోలు కార్డు కొనుక్కుంటే రాత్రిపూట ఇబ్బంది పడరు.

3. ఏ కారు, ఏ ఇన్సూరెన్స్

డస్టర్, విటారా, ఆర్ఏవీ4 సైజు ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోండి. ఆటోమేటిక్ అయితే మేలు. మనకు స్టీరింగ్ కుడివైపు అలవాటు, అక్కడ ఎడమవైపు ఉంటుంది, బండి రోడ్డుకు కుడిపక్క నడపాలి. వీటికి తోడు కుడిచేత్తో గేర్లు మార్చడం కూడా ఎందుకు? అమెరికా నుంచి వచ్చేవాళ్లకు ఈ బాధ ఉండదు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి ముందుకు కదలడానికి పనికొస్తుంది. ఆగడానికి మాత్రం ఏమీ సాయం చేయదు. ఆపేది టైర్లే. అందుకే బుకింగ్ అయ్యాక కంపెనీకి మెయిల్ రాసి, మేకులున్న టైర్లు ఇస్తారా అని అడగండి. వాటిని స్టడెడ్ టైర్లంటారు. మామూలుగా నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 14 దాకా వాటికి అనుమతి ఉంది. తారు మీద కరకరమని చప్పుడు చేస్తాయి, ఇబ్బందేమీ లేదు. మేకుల్లేని చలికాలపు టైర్లు కూడా చట్టం ప్రకారం సరిపోతాయి, కానీ నున్నటి మంచు పలక మీద తేడా తెలుస్తుంది.

లోపలే పడుకునే వీలున్న క్యాంపర్ వ్యాన్ ఫొటోల్లో బాగుంటుంది. చలికాలంలో ఆ పొడుగాటి పక్కలకు గాలి తగిలితే అది తెరచాప అయిపోతుంది. వద్దు. ఎలక్ట్రిక్ కారు కూడా మొదటిసారికి వద్దు. చలికి బ్యాటరీ రేంజి తగ్గుతుంది, తుపానులో చిక్కుకున్నప్పుడు హీటరు వేసుకుని కూర్చోవాలంటే లెక్క చూసుకుంటూ ఉండాలి.

ఇన్సూరెన్స్ కాగితం కాస్త ఓపిగ్గా చదవాలి. సీడీడబ్ల్యూ అనే ప్రాథమిక కవర్ అద్దెలోనే కలిసి ఉంటుంది, కానీ నష్టంలో పెద్ద మొత్తం మీరే కట్టాలి. ఎంత దాకా మీ మీద పడుతుందో అంకె చూడండి. గులకరాళ్లు ఎగిరి అద్దం పగిలితే గ్రావెల్ కవర్ ఆదుకుంటుంది. ఇసుక తుపానుకు వేరే కవర్ ఉంటుంది, దాని పేరు ఎస్ఏఏపీ. వీక్ దాటాక మిర్దల్‌సాందుర్, ఆ తర్వాత స్కెయిదారార్‌సాందుర్ అనే పెద్ద పెద్ద నల్ల ఇసుక మైదానాలు వస్తాయి. గట్టి గాలికి అక్కడి ఇసుక లేచి కారు రంగును గీకేస్తుంది, అద్దాలను మసకబారుస్తుంది. బండికి మళ్లీ రంగు వేయించాల్సి వస్తే బిల్లు మామూలుగా ఉండదు. మన దారి అటే కాబట్టి ఇది తీసుకోవాలనే అంటాను.

ఎంత ఖరీదైన ప్యాకేజీ కొన్నా కొన్నింటికి సాధారణంగా కవర్ ఉండదు: గాలికి తలుపు విరగడం, పెట్రోలు బండిలో డీజిల్ పోయడం, వాగులోకి కారు దింపడం, రోడ్డు వదిలి నేల మీదికి వెళ్లడం. చివరిది ఇన్సూరెన్స్ సంగతి అటుంచి, అక్కడ చట్టరీత్యా నేరం. నాచు పట్టిన నేల మీద పడ్డ టైరు జాడలు మానడానికి ఏళ్లు పడుతుంది. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్లు చలికాలమంతా మూసే ఉంటాయి, వాటిని మర్చిపోండి.

4. తాళం చేతికి వచ్చాక

అమెరికా విమానాలు చాలావరకు తెల్లవారుజామున దిగుతాయి. రాత్రంతా నిద్ర లేదు, బయట చీకటి, చేతిలో కొత్త బండి. ఎయిర్‌పోర్టు నుంచి రేక్యావిక్ 50 కిలోమీటర్లే కదా అని బయల్దేరకండి. బస్సులో ఊళ్లోకి వెళ్లి పడుకుని, మర్నాడు కారు తీసుకోవడం అన్నింటికన్నా తెలివైన పని. ఒక రోజు అద్దె కూడా మిగులుతుంది.

కారు చుట్టూ వీడియో తీయండి. ముందు అద్దం మీద చిన్న చిన్న పొక్కులు, బంపర్ కింద గీతలు, రిమ్ములు, తలుపుల కీళ్లు అన్నీ పడాలి. బండి బురదతోనో మంచుతోనో నిండి ఉంటే తుడిపించి మరీ తీయండి. టైర్లలో మేకులు నిజంగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. మంచు గీకే పలక, బ్రష్షు, స్టెప్నీ లేదా పంక్చర్ కిట్ ఉన్నాయా అడగండి. పిల్లలుంటే సీటు సంగతి బుకింగ్‌లోనే తేల్చుకోవాలి. 135 సెంటీమీటర్ల లోపు పిల్లలకు తగిన సీటు తప్పనిసరి.

లైట్ల మీట దగ్గర ఒక తిరకాసు ఉంది. అక్కడ పగలైనా రాత్రయినా హెడ్‌లైట్లు వేసి ఉండాలన్నది రూలు. ఆటో మీద వదిలేస్తే పగటిపూట కొన్ని కార్లకు ముందు లైట్లే వెలుగుతాయి, వెనకవి వెలగవు. మంచు పొగలో వెనక వచ్చేవాడికి మీరు కనిపించరు. మీటను చేత్తో తిప్పి పూర్తిగా ఆన్‌లో పెట్టేయండి.

ఊరు దాటే ముందు ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో పది నిమిషాలు గడపండి. ఇరవై, ముప్పై స్పీడులో గట్టిగా బ్రేకు తొక్కి చూడండి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ కాలికింద గడగడలాడుతుంది. అది మామూలే, కాలు తీయకూడదని అక్కడే అలవాటు చేసుకోవాలి. కారు ఎంత దూరం జారి ఆగుతుందో చూసుకుంటే, రోడ్డెక్కాక ముందు బండికి ఎంత ఎడం ఉంచాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

5. పొద్దున్నే చూడాల్సినవి

టిఫిన్ చేస్తూనే రెండు సైట్లు తెరవండి. రోడ్ల శాఖ వేగాగెర్దిన్ నడిపే ఉమ్‌ఫెర్దిన్ డాట్ ఐఎస్‌లో ప్రతి రోడ్డు పరిస్థితీ రంగుల్లో ఉంటుంది, దారి పొడవునా కెమెరాల బొమ్మలు కూడా కనిపిస్తాయి. వాతావరణ శాఖది వేదుర్ డాట్ ఐఎస్. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు అందులో వస్తాయి. ఫోన్లో అడగాలంటే 1777కు చేస్తే రోడ్ల సమాచారం చెప్తారు. ఇవి బయల్దేరేముందు ఒకసారి చూస్తే సరిపోదు, ఆగిన ప్రతిచోటా మళ్లీ చూడాలి. అక్కడ ఒక గంటలో ఎండ, వాన, వడగళ్లు, మళ్లీ ఎండ వస్తాయి.

బోర్డుల మీద కనిపించే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. హౌల్కా అంటే రోడ్డు జారుడుగా ఉంది. ఫ్లుగ్‌హౌల్కా అంటే విపరీతమైన జారుడు, ఆ మాట కనిపిస్తే బయల్దేరొద్దు. ఓఫేర్ట్ అంటే బండి పోలేదు. లోకద్ అంటే మూసేశారు. మూసిన రోడ్డుకు అడ్డంగా గేటు ఉన్నా లేకపోయినా మూసినట్టే లెక్క.

గాలిని వాళ్లు సెకనుకు మీటర్లలో చెప్తారు. 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 10 దాకా భయం లేదు. 15 దాటితే స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాలి. 20 అంటే గంటకు 72 కిలోమీటర్ల గాలి, మొదటిసారి వచ్చినవాళ్లు హోటల్లోనే ఉండాలి. 25 అయితే ఎవరూ కదలకూడదు. ఇవి సగటు లెక్కలు. మధ్యలో ఉన్నట్టుండి కొట్టే గాలిపోట్లు దీనికి రెండింతల దాకా ఉండొచ్చు. ముఖ్యమైన చోట్ల రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ బోర్డు మీద గాలి, ఉష్ణోగ్రత చూపిస్తారు. హ్విదుర్ అన్న మాట పక్కన ఉండే అంకె ఆ పోట్లది. మీరు నమ్మాల్సింది ఆ అంకెనే.

పోట్లు ఎక్కడ కొడతాయో అక్కడివాళ్లకు బాగా తెలుసు. గాలి కొండను దాటి ఇవతలి వాలున కిందికి దూకేచోట్ల ఉంటాయవి. మన దారిలో ఎయ్‌యాఫ్యోల్ కొండల కింద, అంటే సెల్యాలాండ్స్‌ఫాస్ నుంచి స్కోగాఫాస్ దాకా ఉన్న ముక్క ఒకటి. స్కాఫ్తాఫెల్ దాటాక ఓరైవి ప్రాంతం రెండోది. మన హైవే మీద ఎదురుగా లారీ రయ్యిమని దాటినప్పుడు కారు ఒక్క ఊపు ఊగుతుంది చూడండి, అలాంటి ఊపు లారీ లేకుండానే, పక్కనుంచి, పదే పదే వస్తుంది. స్పీడు తగ్గించడం తప్ప దానికి వేరే మందు లేదు.

రేక్యావిక్ దాటగానే వచ్చే హెల్లిస్‌హెయిది కనుమ కూడా చూసుకోవాలి. సెల్ఫాస్ వెళ్లే రోడ్డు దాని మీదుగానే. ఊళ్లో ఎండగా ఉన్నా అక్కడ మంచు తుపాను ఉండొచ్చు.

6. రోడ్డు మీద

తారు రోడ్డు మీద గరిష్ఠ వేగం 90, గులకరోడ్డు మీద 80, ఊళ్లలో సాధారణంగా 50. ఇవన్నీ రోడ్డు బాగున్నప్పటి అంకెలు. చలికాలంలో 60, 70 మధ్య పోతే ఎవరూ ఏమీ అనరు. వెనక లోకల్ బండి అంటుకుని వస్తుంటే టెన్షన్ పడకుండా ఖాళీ జాగా చూసి పక్కకు జరిగి దారివ్వండి. మంచు ఉన్నంతసేపూ, స్పీడును దానంతటదే ఒకేలా ఉంచే క్రూజ్ కంట్రోల్ ఆపేయండి.

అసలు ప్రమాదం మైనస్ పది దగ్గర కాదు, సున్నా దగ్గర. దక్షిణ తీరంలో చలికాలపు ఉష్ణోగ్రత ఎక్కువగా సున్నాకు అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. పగలు కరిగిన నీరు సాయంత్రానికి సన్నటి పలకలా గడ్డకడుతుంది. దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. తడి రోడ్డులాగే నల్లగా ఉంటుంది, కంటికి ఆనదు. ఎదుటి బండ్ల చక్రాల నుంచి నీళ్లు చిమ్మకుండా రోడ్డు మెరుస్తోందంటే అనుమానించాలి. వంతెనల మీద, కొండ నీడలో ముందుగా పడుతుంది.

జారడం మొదలైతే యాక్సిలరేటర్ వదిలేయండి, బ్రేకు మీద ఎగరొద్దు. మీరు వెళ్లాల్సిన వైపు చూస్తూ స్టీరింగ్ మెల్లగా అటు తిప్పండి. గుంటను చూస్తే బండి గుంటలోకే పోతుంది. ఇది పుస్తకాల మాటలా ఉంటుంది గానీ, ఆ పార్కింగ్‌లో గడిపిన పది నిమిషాలు ఇక్కడే పనికొస్తాయి.

సింగిల్ లేన్ వంతెనలకు ముందు ఎయిన్‌బ్రెయిద్ బ్రూ అని బోర్డు ఉంటుంది. ముందు చేరువైన బండిది దారి అన్నది రివాజు. మీకే హక్కు ఉందనుకున్నా స్పీడు తగ్గించి, అవతలివాడు ఆగాడని చూశాకే ఎక్కండి. 2018 డిసెంబర్‌లో స్కెయిదారార్‌సాందుర్‌లోని ఇలాంటి వంతెన మీద నుంచి టూరిస్టుల కారు కిందపడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు బ్రిటన్‌లో స్థిరపడ్డ భారత సంతతి కుటుంబం. ఆ తర్వాత అక్కడ రెండు లేన్ల కొత్త వంతెన కట్టారు, కానీ ఈ రోడ్డు మీద పాతవి ఇంకా ఉన్నాయి.

ఊళ్లలో రెండు లేన్ల రౌండ్అబౌట్ వస్తే లోపలి లేనులో ఉన్నవాడికే ముందుగా బయటికి వచ్చే హక్కు. ఇది మిగతా దేశాలకు తేడాగా ఉంటుంది. బయటి లేనులో మీరుంటే వాడికి దారివ్వాలి. రేక్యావిక్‌లో మొదటి రోజే ఎదురవుతుంది కాబట్టి తెలిసి ఉండటం మంచిది.

ఫొటో కోసం రోడ్డు మధ్యలో గానీ అంచున గానీ ఆపొద్దు. రోడ్డుకు పక్కన మార్జిన్ దాదాపు ఉండదు. మంచు కప్పిన అంచు గట్టి నేలో గుంటో తెలియదు. అరోరా చూడటానికి కారు ఆపే విషయంలో ఈ తప్పు ఎక్కువ జరుగుతుంది. ఆకాశంలో పచ్చ తెర కదులుతుంటే డ్రైవరు కళ్లు రోడ్డు మీద ఉండవు. రాత్రి అరోరా కోసం తిరగడం కంటే, ఊరి దీపాలకు దూరంగా ఉన్న గెస్ట్‌హౌస్ బుక్ చేసుకుని గుమ్మంలో నిలబడి చూడటం మేలు. వేదుర్ సైట్‌లో మబ్బుల మ్యాపు ఉంటుంది. అందులో తెల్లగా ఉన్న చోట ఆకాశం తేటగా ఉన్నట్టు, పచ్చగా ఉంటే మబ్బు పట్టినట్టు. మనకు ఉల్టాగా అనిపిస్తుంది.

7. తలుపు తీయడం

దీనికి వేరే భాగం ఎందుకంటే అద్దె కార్లకు అక్కడ మామూలుగా జరిగే నష్టాల్లో ఇదొకటి. గాలి తలుపును లాక్కుని వెనక్కి విరిచేస్తుంది. కీళ్లు వంగిపోతాయి, తలుపు మళ్లీ పడదు, బిల్లు మొత్తం మీదే.

కారును ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి. జెండా ఉంటే జెండా, లేకపోతే గడ్డి ఏ వైపు వంగిందో చూడండి. ముందుగా కిటికీ అద్దం కొంచెం దించి గాలి జోరు తెలుసుకోండి. ఒకసారి ఒకే తలుపు తీయాలి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండోది తలుపు అంచు మీద. వెనక సీట్లో పిల్లలుంటే పెద్దవాళ్లే బయటికొచ్చి వాళ్ల తలుపు తీయాలి. చైల్డ్ లాక్ వేసి ఉంచండి.

8. చూసేచోట్ల

ప్రసిద్ధమైన చోట్ల చాలావాటికి పార్కింగ్ ఫీజు ఉంది. గేటు, టికెట్ ఇచ్చే మనిషి ఉండరు, కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది. పార్కా యాప్‌లో గానీ అక్కడి మెషిన్‌లో గానీ అప్పుడే కట్టేయండి. నంబరు ప్లేటు మీది మంచు తుడిచి ఉంచడం కూడా రూలే.

బూట్ల కింద తొడుక్కునే మేకుల పట్టీలు రేక్యావిక్‌లో దొరుకుతాయి, తప్పక కొనండి. జలపాతాల తుంపర పడి మెట్లు, కాలిబాటలు గాజులా గడ్డకడతాయి. సెల్యాలాండ్స్‌ఫాస్ వెనకనుంచి వెళ్లే దారి చలికాలంలో తరచూ మూసి ఉంటుంది. తాడు దాటి వెళ్లేవాళ్లను చూసి మీరూ వెళ్లకండి.

వీక్ పక్కన రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం. ఇక్కడ కెరటాలు చాలాసేపు చిన్నగా వచ్చి, ఉన్నట్టుండి ఒకటి చాలా పైదాకా దూసుకొస్తుంది. వెనక్కి లాగేటప్పుడు కాళ్లకింద గులకరాళ్లు కదిలిపోతాయి, లేవడానికి పట్టు దొరకదు. నీళ్లు చల్లగా, అవతల వేల కిలోమీటర్ల సముద్రం. ఇక్కడ పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దారిలో హెచ్చరిక లైటు ఉంది, అది ఎర్రగా ఉంటే ఇసుక మీదికి దిగొద్దు. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు. విశాఖ బీచ్‌లో ఆడుకున్న అలవాటు ఇక్కడ పనికిరాదు.

సోల్‌హెయిమాసాందుర్‌లో 1973లో దిగిపోయిన పాత విమానం ఉంది. రోడ్డు నుంచి నడక నాలుగు కిలోమీటర్లు, మళ్లీ అంతే వెనక్కి, దారిలో నీడనిచ్చే రాయి కూడా లేదు. 2020 జనవరిలో అటు నడిచిన ఇద్దరు యువ టూరిస్టులు చలికి చనిపోయి కనిపించారు. గాలి ఉన్న రోజున దాన్ని వదిలేయండి, పోయేదేమీ లేదు.

మంచు గుహలకు గైడుతోనే వెళ్లాలి. వట్నాయోకుల్ అనే హిమానీనదం కింది గుహలు సాధారణంగా నవంబర్ నుంచి మార్చి దాకా తెరుస్తారు. వేడెక్కితే గుహ కప్పు కూలుతుంది. 2024 ఆగస్టులో దాని పాయ అయిన బ్రెయిదామెర్కుర్‌యోకుల్ దగ్గర మంచు కూలి ఒక టూరిస్టు చనిపోయాడు. అది వేసవి. చలికాలంలో కూడా గైడు ఈ రోజు వద్దంటే డబ్బు వాపసు తీసుకుని వచ్చేయండి.

9. ఇరుక్కుపోతే

అత్యవసరానికి నంబరు 112. ఆ పేరుతోనే ఉన్న ఐస్‌లాండ్ యాప్ ముందే ఫోన్లో వేసుకుంటే మీరున్న చోటును పంపిస్తుంది. సేఫ్‌ట్రావెల్ సైట్‌లో మీ ప్రయాణ వివరాలు నమోదు చేసుకోవచ్చు. దాన్ని నడిపేది లాండ్స్‌బ్యోర్గ్ అనే రక్షక దళం. తుపానులో మీకోసం వచ్చేది జీతం తీసుకునే ఉద్యోగులు కాదు, తమ పని మానుకుని వచ్చే స్వచ్ఛంద సేవకులు.

మంచులో కూరుకుపోతే కారు దిగి నడవొద్దు. హెచ్చరిక లైట్లు వేసి, సాయం వచ్చేదాకా లోపలే ఉండండి. హీటరు కోసం ఇంజను ఆన్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. గొట్టం మూసుకుపోతే పొగ కారు లోపలికి చేరుతుంది. దానిలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గంటకు పది నిమిషాల చొప్పున ఇంజను వేసి ఆపుతూ, ఒక కిటికీ సన్నగా తెరిచి ఉంచండి. డిక్కీలో దుప్పటి, ఫ్లాస్కులో వేడినీళ్లు, పవర్ బ్యాంకు, నాలుగు పూటల తిండి రోజూ ఉండాలి. బరువైన జాకెట్లు కూడా సీట్లోనే పెట్టుకోండి, డిక్కీ తెరవలేని గాలి ఉండొచ్చు.

పొద్దున అద్దం మీద మంచు గడ్డకడితే పలకతో గీకండి. వేడినీళ్లు పోస్తే అద్దం పగులుతుంది. రాత్రి వైపర్లను పైకి ఎత్తి ఉంచడం గాలి లేని రోజుల్లోనే.

10. తిండి, పెట్రోలు

బోనుస్, క్రోనన్ అనే సూపర్‌మార్కెట్లలో కొనుక్కుని వంటగది ఉన్న బసల్లో వండుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. బోనుస్ పొద్దున్నే తెరవదు, రాత్రి దాకా ఉండదు. వీక్ దాటాక షాపులు పలచబడతాయి. ఇంటి నుంచి కందిపొడి, పులిహోర పొడి, ఇన్‌స్టంట్ ఉప్మా తెచ్చుకోండి. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురావడానికి అనుమతి లేదు. కుళాయి చన్నీళ్లు శుభ్రంగా తాగొచ్చు. వేడినీళ్లకు గంధకం వాసన వస్తే కంగారు పడొద్దు, అది భూమిలోంచి వచ్చే నీళ్ల స్వభావం.

ట్యాంకు సగానికి వచ్చిందంటే నింపేయండి. బంకులో మీరే పోసుకోవాలి. పెట్రోలును బెన్సీన్ అని, డీజిల్‌ను దీసెల్ అని రాస్తారు. మూత మీద ఏది రాసి ఉందో చూసుకుని, పోసే ముందు ఒకరు చూసి ఇంకొకరు ఖాయం చేయండి. ఫుల్ ట్యాంక్ అని నొక్కితే కార్డు మీద పెద్ద మొత్తం కొన్ని రోజులు బ్లాక్ అవుతుంది, లిమిట్ తక్కువున్నవాళ్లు అంకె వేసి పోసుకోవడమే మంచిది.

11. కారు అప్పగించేటప్పుడు

ముందురోజే ట్యాంకు నింపి, బంకుల్లో దొరికే నీళ్ల పైపుతో బండి కడగండి. చాలా బంకుల్లో అది ఉచితం, అయితే గడ్డకట్టే చలి ఉంటే నీళ్లు ఆపేస్తారు. కడిగిన బండి మీద మళ్లీ చుట్టూ వీడియో తీయండి, మీటరు అంకె, పెట్రోలు ముల్లు కనిపించాలి. కిలోమీటర్ల మీద వేరే రుసుము ఉందో లేదో ఒప్పందంలో చూసి ముందే లెక్కేసుకోండి. రాత్రిపూట తాళం డబ్బాలో వేసి వెళ్లిపోయే పద్ధతి అయితే వీడియో మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ బండి చూసి సరే అనే మనిషి ఎవరూ ఉండరు.

కట్టడం మర్చిపోయిన పార్కింగ్ రుసుములు, స్పీడ్ కెమెరా జరిమానాలు వారాల తర్వాత మీ కార్డుకు రావచ్చు, పైన కంపెనీ సర్వీసు చార్జీ కూడా కలుస్తుంది. డిపాజిట్ వెనక్కి వచ్చి, ఆ తర్వాత రెండు నెలలు గడిచేదాకా వీడియోలు, పార్కింగ్ రసీదులు ఫోన్లోంచి తీసేయకండి.